గడియారం వెనకాల రాత

ఆ రోజుల్లో నాచారంలో టైము మనుషుల చేతికి ఉండేది కాదు, గాలిలో ఉండేది. ఫ్యాక్టరీ సైరన్ ఒకసారి కూస్తే ఆరు, ఇంకోసారి కూస్తే రెండు, మూడోసారి కూస్తే పది. మధ్యలో ఎంతైందని అడిగినవాడు లేడు, చెప్పినవాడూ లేడు. ఇప్పుడు మా మనవరాలు (బిడ్డ బిడ్డ, రామంతాపూర్‌లో కాలేజీకి పోతుంది) స్నేహితులతో కీసర గుట్టల్లో నడవడానికి గడియారం కొంటానని వారం రోజులుగా ఫోనులో బొమ్మలు చూపిస్తోంది. గుట్ట ఎక్కడానికి కాళ్లు కావాలి గానీ గడియారం ఎందుకని మొహం మీదే అడిగాను. ఆ గడియారం గుండె ఎన్నిసార్లు కొట్టుకుందో చెబుతుందట, ఎన్ని అడుగులు వేశామో లెక్కపెడుతుందట, మనం సరిగా నిద్రపోయామో లేదో పొద్దున లేచాక మనకే చెబుతుందట. నిద్రపోయింది నేనైతే చెప్పడానికి అదెవరో నాకు అర్థం కాలేదు. నోరు తెరుచుకుని వింటూనే ఉన్నాను. చివరికి, "తాతా, ఇది షాక్ రెసిస్టెంట్ గూడ" అంది. నా ఎడమ అరచెయ్యి దానంతట అదే మూసుకుపోయింది. వంటింట్లో గోంగూర తెంపుతున్న మా ఇంటామె మాత్రం గట్టిగా నవ్వింది. ఆమె ఎందుకు నవ్విందో, నా చెయ్యి ఎందుకు మూసుకుందో చెప్పాలంటే నలభై అయిదేళ్లు వెనక్కి పోవాలి.

ముందే ఒక మాట చెబుతాను, దాచడం నాకు చేతకాదు. (ఒకప్పుడు దాచడమే నా పని. అదీ చెబుతాను.) నాకు అక్షరాలు వచ్చింది యాభై నాలుగో ఏట. అప్పటిదాకా నా పేరు ఎక్కడైనా రాసి ఉంటే అది నాదో పక్కవాడిదో నాకు తెలిసేది కాదు. ఇరవై రెండేళ్ల వయసులో నాచారం పారిశ్రామికవాడలో ప్లాస్టిక్ బకెట్లు పోసే షెడ్డులో మెషిన్ మీద ఉండేవాణ్ని. చదువు లేదని ఎవరికీ తెలియకూడదని చొక్కా జేబులో ఎప్పుడూ ఒక పెన్ను పెట్టుకునేవాణ్ని. ఎవరైనా, "తమ్మీ, జర గీ కాగితం రాసియ్యవా" అంటే, పెన్ను తీసి అరచేతి మీద గీకి, "ఇంకు అయిపోయిందన్నా" అనేవాణ్ని. అబద్ధం కాదు. అందులో రెండేళ్లుగా రీఫిలే లేదు. పెన్ను ఉన్నవాడికి చదువు వచ్చే ఉంటుందని జనం అనుకునేవారు. అనుకోనిచ్చాను. టైము సంగతి అడిగితే, గడియారంలో నాకు మూడే మూడు ముఖాలు తెలుసు. రెండు ముళ్లూ ఒక గీతలాగ నిటారుగా నిలబడితే ఆరు. తక్కిన రెండూ షిఫ్టులవే, రెండు, పది. మిగతా టైములతో నాకు పని పడలేదు.

మా అక్కను ఉప్పల్‌లో ఇచ్చాం. బావ ఇనుప గేట్లు చేసేవాడు. వారమంతా ఇనుముతో, ఆదివారం కుందేళ్లతో ఆయన కాపురం. బోడుప్పల్ దాటి కీసర వైపు పోతే అప్పుడంతా గుట్టలు, సీతాఫలం పొదలు, మధ్యమధ్య జొన్న చేలు. ఆదివారం తెల్లవారేసరికి సైకిళ్ల మీద ఏడెనిమిది మంది, రెండు కుక్కలు, ఒక వల. దాన్ని మేము షికారు అనేవాళ్లం. (మా షెడ్డులో పనిచేసే కోస్తా ఆయన ఒకాయన, షికారు అంటే చల్లగాలికి తిరగడం అనుకుని, "ఈ వారం మేమూ వస్తామండీ" అని భార్యను పట్టుచీరలో వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె కుక్కలను చూసింది, వలను చూసింది, మొగుణ్ని చూసింది. తిరిగి పోయారు.) అది అప్పటికే నేరమట. మాకు తెలియదు. తెలిసినా బావ మానేవాడని నేను చెప్పను. తప్పు తప్పే.

ఆ షికారులో పంపకాల పద్ధతి ఒకటి ఉండేది. దొరికిన మాంసంలో మనిషికి ఒక వాటా. వల తెచ్చినవాడికి వల వాటా అని ఇంకొకటి. కుక్కను తెచ్చినవాడికి కుక్క వాటా. వీటన్నిటి కంటే విచిత్రం గడియారం వాటా. గుట్టకు ఒకవైపు వల కట్టి బావ కూర్చునేవాడు. రెండో వైపు నుంచి తోలేవాళ్లు పొదలు కొడుతూ రావాలి. వల కట్టడం కాకముందే తోలితే కుందేలు తప్పిపోతుంది. కేక వేసి చెబుదామంటే కేక వినేది ముందు కుందేలే. అందుకని అటొక గడియారం, ఇటొక గడియారం ఉండాలి. ఇటు బావది. అటు గడియారం మా షెడ్డు బాయిలర్ మామది. (మామ అంటే చుట్టం కాదు, బాయిలర్ దగ్గర పనిచేసే పెద్దమనిషి, అందరికీ మామే.) ఆ వేసవిలో బాయిలర్ మామ మొహం కడుక్కోబోయి గడియారాన్ని కుంటలో పారేసుకున్నాడు. రెండో గడియారం లేక రెండు ఆదివారాలు ఉత్త చేతులతో వచ్చాం.

"బామ్మర్దీ, నువ్వు గడియారం కొను" అన్నాడు బావ. "చదువొచ్చినోనివి. మంచిది జూసి కొను. షికారుకు పనికొచ్చేది. గడియారం వాటా నీకిస్త."

"కుక్క వాటా ఎంతనో గడియారం వాటా గంతే" అన్నాడు బాయిలర్ మామ. "కుక్క కంటె తక్కువ జేయం. ఫికర్ చెయ్యకు."

నేను ఒప్పుకున్నది వాటా కోసం కాదు. బావకు ఒక చెల్లెలు ఉంది. వరసకు నాకు మరదలు. ఉప్పల్ బడిలో ఏడో తరగతి దాకా చదివింది. ఆ ఇంట్లో ఇంగ్లీషు అక్షరాల ముఖం చూసిన మనిషి ఆమె ఒక్కతే. నాకు ఆమెనిచ్చి చేయాలని మా అక్క లోపల్లోపల నడుపుతోంది. బావ తల్లి, అంటే అత్త, ఒకటే మాట పట్టుకుని కూర్చుంది. "పిల్ల చదువుకున్నది. చదువురానోనికి ఇయ్య. రేపు పొద్దుగాల మొగనికి బస్సు బోర్డు గూడ పెండ్లామే చదివి చెప్పాల్నా" అనేది. మా అక్క నా జేబులో పెన్ను చూపించేది. అసలు సంగతి అక్కకు తెలుసు. అయినా చూపించేది. ఇక ఇప్పుడు పెన్నుకు తోడు గడియారం కూడా కొని, చేతికి కట్టుకుని, అత్త ఎదుట రెండుసార్లు దాని వంక చూస్తే పని అయిపోతుందని నేను లెక్క వేసుకున్నాను.

ఉప్పల్ చౌరస్తాలో అప్పుడు ఒక సేటు చిన్న అద్దాల డబ్బాలో గడియారాలు పెట్టుకుని అమ్మేవాడు. నేను పోయి కూర్చుని అరగంట సేపు సతాయించాను. షికారుకు గడియారం ఎలా ఉండాలో నాకు నేనే ఆలోచించి పెట్టుకున్నాను. మెరవకూడదు, ఎండ తగిలి మెరిస్తే కుందేలు చూస్తుంది. చప్పుడు చేయకూడదు. (ఒక్కోటి చెవి దగ్గర పెట్టుకుని విన్నాను. సేటు చూసి, "రేడియో కొంటున్నవా భాయ్" అన్నాడు.) పట్టీ తోలుది ఉండకూడదు, తోలు వాసనకు కుక్క నా చేతినే కొరికితే ఎలా. చివరికి బూడిదరంగు ముఖం, నైలాన్ పట్టీ ఉన్న బరువైన గడియారం ఒకటి నచ్చింది. తిప్పి చూస్తే వెనకాల గుండ్రంగా అక్షరాలు ఉన్నాయి. మిగతా వాటి వెనకాల అన్ని లేవు. రాత ఎక్కువ ఉన్నది మంచిదై ఉంటుందని అనుకున్నాను. చదవడం రానివాడు అలాగే అనుకుంటాడు.

"గీడ ఏం రాసిన్రు సేటు? నా కండ్లద్దాలు ఇంట్ల మర్చిపోయిన" అన్నాను. నాకు కళ్లద్దాలు లేవు.

సేటు గడియారాన్ని దూరంగా పట్టుకుని, కళ్లు చిన్నవి చేసి, "వాటర్ ప్రూఫ్" అన్నాడు. "పానీల పడితె పానీ లోపలికి పోదు. డస్ట్ ప్రూఫ్. మట్టి పోదు. షాక్ ప్రూఫ్."

"షాక్ ప్రూఫా?"

"హా. ఎంత షాక్ తగిలినా దీనికి ఏం గాదు."

మీరంతా చదువుకున్నవాళ్లు, షాక్ అంటే కింద పడితే తగిలే దెబ్బ అని తెలిసి నవ్వుకుంటున్నారు. కానీ నాచారం షెడ్లలో పనిచేసినవాళ్లకు షాక్ అంటే ఒకటే అర్థం. మా మెషిన్ హ్యాండిల్‌కు ఎర్తింగ్ సరిగా లేదు. వానాకాలంలో రోజుకు రెండుసార్లు మోచేతి దాకా జివ్వుమనేది. ఆ గడియారం పెట్టుకుంటే కరెంటు కొట్టదని నాకు అర్థమైంది. సేటు "దీనికి" అన్నాడు. నేను "నీకు" అని విన్నాను. గడియారానికి ఏమీ కాకపోతే, అది కట్టుకున్నవాడికి మాత్రం ఏమవుతుంది? ఇంత చిన్న వస్తువులో ఇంత శక్తి పెట్టినవాడెవడో అని నేను ఆశ్చర్యంతో చౌరస్తా దాటి, వచ్చే లారీని కూడా చూసుకోలేదు. లారీ డ్రైవర్ తిట్టిన తిట్లు ఇక్కడ రాయను.

గడియారం కొన్నాక మొదటి ఆదివారం తోలేవాళ్లతో నేను నిలబడ్డాను. "ఆరుంబావుకు తోలుదమా?" అన్నాడు బాయిలర్ మామ. ఆరుంబావుకు ముళ్లు ఎక్కడుంటాయో నాకేం తెలుసు? "ఆరుకే తోలుదాం మామా, ఆరు మంచిగుంటది" అన్నాను. (ఆ తర్వాత మా గుంపులో షికారు ఎప్పుడూ ఆరింటికే మొదలయ్యేది. ఎందుకో ఎవరికీ తెలియదు.) సరిగ్గా గీత నిటారుగా నిలబడగానే చెయ్యి ఊపాను. ఒక కుందేలు వలను తప్పించుకుని పక్కనున్న జొన్న చేను వైపు దూసుకుపోయింది. ఆ చేను యజమాని పటేల్, అడవిపందులు రాకుండా చుట్టూ ఇనుపతీగ కట్టి, మోటరు దగ్గర నుంచి దానికి కరెంటు ఇచ్చేవాడు. కుందేలు తీగ కిందనుంచి పోయింది. అందరూ ఆగారు. నేను ఆగలేదు. గడియారం ఉన్న ఎడమ చేతితో తీగ పట్టుకుని పైకెత్తి, కింద దూరి, లోపలికి పోయి, కుందేలు దొరక్క మళ్లీ తీగ ఎత్తుకుని బయటికి వచ్చాను.

అందరూ రెండడుగులు వెనక్కి జరిగారు. కుక్కలు కూడా జరిగాయి.

"తీగల కరెంటున్నది గదరా" అన్నాడు బావ మెల్లగా.

"ఉంటె ఉండనీ బావా. గడియారం షాక్ ప్రూఫ్. ఎన్క రాసున్నది. చదివే కొన్న."

ఆ పొద్దున కరెంటు పోయి ఉందని, మోటరే ఆడటం లేదని మాలో ఒక్కడికీ తోచలేదు. బాయిలర్ మామ నా చెయ్యి పట్టుకుని గడియారాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "వాటర్ ప్రూఫ్, డస్ట్ ప్రూఫ్, షాక్ ప్రూఫ్" అని నేను వేలితో చూపిస్తూ చదివినట్టు చెప్పాను. సోమవారానికి షెడ్డంతా తెలిసింది. మంగళవారానికి పక్క షెడ్డుకు పాకింది. వారమంతా నా నోట ఆ మూడు మాటలే. అక్క ఇంటికి పోతే అక్కడా అవే. మరదలు గుమ్మం పక్కన నిలబడి విని, "గట్ల గూడ ఉంటదా?" అంది. "నువ్వు ఏడే కదా చదివినవ్. ఇవి పై క్లాసుల వస్తయి" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నాకు నేను కనిపించకుండా ఎటైనా పోవాలనిపిస్తుంది.

అత్త మెత్తబడింది. చదివి గడియారం కొన్నవాడు బస్సు బోర్డు చదవలేడా అని మా అక్క సరైన సమయంలో అంది. వచ్చే ఆదివారం షికారు నుంచి రాగానే అందరూ అక్కడే తిని, పెళ్లి మాట ఖాయం చేసుకునే పూలుపండ్లు ఎప్పుడు పెట్టుకోవాలో మాట్లాడుకుందామని అనుకున్నారు. ఆ వారం నేను మెషిన్ దగ్గర చేసిన బకెట్లలో సగం వంకర వచ్చాయి.

రెండో ఆదివారం అదే గుట్ట, అదే చేను. ఆరింటికి తోలాం. మంచి కుందేలే వలలో పడింది గానీ, వలతో సహా గింజుకుంటూ దొర్లి తీగ దగ్గరికి పోయింది. వల తాడు తీగకు చుట్టుకుంది. బావ చేతిలో వల కట్టే వెదురు గుంజ ఉంది. "ఆగుర్రి. ఎవలన్న మోటరు కాడికి పోయి బందు జేసి రాండ్రి" అన్నాడు. దూరంగా మోటరు బుడబుడమని నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నాకూ వినిపించింది. ఏమాత్రం పట్టించుకోలేదు.

"జరుగు బావా" అన్నాను.

"ఏందిరా?"

"గడియారం మనకాడ పెట్టుకోని మోటరు కాడికెందుకు పోవుడు?"

అని ఎడమచేత్తో తీగ పట్టుకున్నాను.

ఏం జరిగిందో నేను చెప్పలేను, అప్పుడు నేను అక్కడ లేను. నా ఒళ్లు ఉంది. ఎవరో నా పళ్లన్నీ ఒక డబ్బాలో వేసి ఆడించినట్టయింది. చెయ్యి విడుద్దామంటే చెయ్యి నా మాట వినలేదు. నోట్లోంచి ఒక కూత వచ్చిందట. అది అచ్చం మా ఫ్యాక్టరీ సైరన్ లాగే ఉందని, పొద్దున ఆరింటి సైరన్ ఇప్పుడెందుకు కూసిందా అనుకున్నానని బాయిలర్ మామ చచ్చేదాకా చెప్పేవాడు. బావ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా చేతిలోని వెదురు గుంజతో నా ముంజేతి మీద కొట్టాడు. నేను పోయి కాలువలో పడ్డాను. కళ్లు తెరిస్తే ఆకాశం, దానికి అడ్డంగా బావ ముఖం. తెల్లగా సున్నం కొట్టినట్టుంది.

"బతికున్నడా?" అన్నారెవరో.

బావ నా ఛాతీ మీద చెవి పెట్టి విన్నాడు. తర్వాత నా చేతి మీద చెవి పెట్టాడు. "గడియారం గూడ నడుస్తున్నది" అన్నాడు.

అవును, దానికి ఏమీ కాలేదు. సేటు చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఎంత షాక్ తగిలినా దానికి ఏం గాదు. కుందేలు కూడా బాగానే ఉంది. ఈ హడావుడిలో వల కొరుక్కుని ఎటో పోయింది.

నన్ను సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టి, వల తాడుతో బావ నడుముకు కట్టి ఉప్పల్ తీసుకొచ్చారు. ఆర్‌ఎంపీ డాక్టర్ వచ్చి సూది వేసి, అరచేతికి మందు రాసి, "ఇది బతకాల్సిన మనిషి కాదు" అని మెచ్చుకున్నట్టు చెప్పి పోయాడు. నన్ను మంచం మీద పడుకోబెట్టారు. చుట్టూ బావ, బాయిలర్ మామ, అక్క, అత్త. తలుపు పక్కన మరదలు. వంటకు తెచ్చిన మసాలా వాసన ఇల్లంతా ఉంది, వండటానికి కుందేలు లేదు.

అత్త నా కాళ్ల దగ్గర నిలబడింది. "నేనొక మాట అడుగుత" అంది. "చదువొచ్చినోడు ఎవడన్న కరెంటు తీగ పట్టుకుంటడా?"

"రాసున్నది అత్తా" అన్నాను.

"ఏం రాసున్నది? చదువు. నా ముంగట చదువు. నేను గూడ వింట."

బావ నా చేతి నుంచి గడియారం విప్పి నా కుడిచేతిలో పెట్టాడు. ఆయనకు నా మీద కోపం లేదు. నేను నిజం చెబుతున్నానని తల్లి ముందు రుజువు చేయాలని ఆయన తాపత్రయం. "చదువు బామ్మర్దీ" అన్నాడు. నేను గడియారాన్ని కళ్ల ముందు పట్టుకున్నాను. ఆ మూడు మాటలు వారం నుంచి నిద్రలో కూడా చెబుతున్నవే, అవే చెబితే సరిపోయేది. కానీ కరెంటు వాటిని నా నెత్తిలోంచి ఊడ్చేసింది. ఒక్కటి కూడా గుర్తు రాలేదు. గుండ్రంగా ఉన్న ఆ గీతలను చూస్తూ ఉండిపోయాను. అవి నన్ను చూస్తూ ఉన్నాయి. తీగ పట్టుకున్నప్పుడు భయం వేయలేదు, అప్పుడు వేసింది. పెన్ను, కళ్లద్దాలు, రెండేళ్ల నాటకం అంతా ఈ మంచం మీదే అయిపోయిందనుకున్నాను. అక్క పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమాయె?" అంది అత్త.

మరదలు వచ్చి నా చేతిలోంచి గడియారం తీసుకుంది. "చెయ్యి గంతగనం వణుకుతుంటె ఎట్ల చదువుతడు అమ్మా? ఇగో, నేను చదువుత" అంది. కిటికీ వెలుగులోకి పోయి, గడియారాన్ని తిప్పి, ఒక్కో మాట మీద వేలు పెట్టి బడిలో చదివినట్టు గట్టిగా చదివింది. "వాటర్ ప్రూఫ్. డస్ట్ ప్రూఫ్. షాక్ ప్రూఫ్." అని ఆగి, తల్లి వైపు చూసింది. "రాసున్నది సక్కగనే చదివిండు. గట్ల రాసినోనిది తప్పు. చదివినోనిది కాదు."

అత్త గడియారం తీసుకుని తనూ వెనక్కి తిప్పి చూసింది. తర్వాత, "అయితె ఆ సేటును పట్టుకోవాలె" అంది. బాయిలర్ మామ సేటును ఏమేం చేయాలో చెప్పడం మొదలుపెట్టాడు. ఆ మాటల మధ్యలో ఎక్కడో నా పెళ్లి ఖాయమైంది. కుందేలు బదులు ఆలుగడ్డ కూర తిన్నాం. (సేటు మాత్రం దొరకలేదు. మా వాళ్లు పోయేసరికి అద్దాల డబ్బా ఉన్నచోట చెరుకురసం బండి ఉంది.)

పెళ్లయిన నెలకే నా బండారం బయటపడింది. రామంతాపూర్ పోవలసిన బస్సు అని, ఆమె బోర్డు చూడకముందే ఎక్కించి, ఘట్‌కేసర్ దాకా తీసుకుపోయాను. తిరుగు బస్సులో ఏడుపు మొహంతో, నాకు చదువు రాదని ఒప్పుకున్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ, "సరే తియ్" అంది. అంతే. నేనైతే ఆమెను మోసం చేసి కట్టుకున్నానని ముప్పై ఏళ్లకు పైగా లోపల మోసుకు తిరిగాను. కరెంటు బిల్లు ఆమె చదివినప్పుడల్లా, పిల్లల బడి కాగితాల మీద ఆమె సంతకం పెట్టినప్పుడల్లా, ఆ రోజు ఆ గడియారం మీద ఆ మూడు మాటలు లేకపోయి ఉంటే ఈమె చదువుకున్నవాణ్నే చేసుకునేది కదా అనుకునేవాణ్ని. ఆ గడియారాన్ని బీరువాలో పెట్టి, అప్పుడప్పుడు తీసి కీ ఇచ్చి, మళ్లీ పెట్టేసేవాణ్ని.

మనవరాలు పుట్టి, బడిలో వేశాక, దాని హోంవర్కు దగ్గర కూర్చోవడం నా వంతు వచ్చింది. అది అ అంటే నేనూ అ అనేవాణ్ని. అది పలక మీద రాస్తే నేను దాని పాత పలక మీద రాసేవాణ్ని. నాలుగేళ్ల పిల్ల నన్ను, "తాతా, నీది వంకర వచ్చింది, తుడువు" అని కసిరేది. తుడిచేవాణ్ని. తెలుగు అయ్యాక ఇంగ్లీషు పెద్దక్షరాలు పట్టుకున్నాను. అవి కుదిరినాక నేను చదవాలనుకున్న మొదటి రాత ఒకటే. ఒక మధ్యాహ్నం బీరువా తీసి, గడియారాన్ని కిటికీ దగ్గరికి తెచ్చి, తిప్పి, వేలు పెట్టి కూడబలుక్కున్నాను. ఎస్, టీ, ఏ, ఐ. నాకు కావలసింది ఎస్, హెచ్. మళ్లీ మొదటినుంచి చూశాను. గుండ్రంగా చుట్టూ తిరిగి వచ్చాను. రెండుసార్లు తిరిగాను. నా చదువు మీద నాకు నమ్మకం లేక మనవరాలిని పిలిచాను. అది మూతి ముందుకు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్. దాని కింద ఏదో నంబరు. అంతే. వాటర్ లేదు, డస్ట్ లేదు. షాక్ లేదు.

దీనితో పోలిస్తే ఆ రోజు తీగ పట్టుకున్నప్పుడు తగిలింది చిన్న షాకే. నేను అలాగే కిటికీ దగ్గర, గడియారం పట్టుకుని నిలబడిపోయాను. సేటు అబద్ధం చెప్పాడు, సరే, అమ్ముకునేవాడు. ఆమె ఏం చదివింది?

వంటింట్లోకి పోయాను. చింతపండు గింజలు తీస్తోంది.

"ఏమే, దీని మీద షాక్ ప్రూఫ్ అని లేదు" అన్నాను.

తల ఎత్తలేదు. "లేదు" అంది.

"మరి ఆనాడు చదివినవ్?"

"నువ్వు వారం దినాలు చెప్పిందే చెప్పిన. నా చదువు ఏడో తరగతే కదా, పై క్లాసులవి నాకేం తెలుసు?"

నేను అక్కడే పీట లాక్కుని కూర్చున్నాను. "అంటే నాకు చదువు రాదని నీకు ఎర్కనేనా? పెండ్లికి ముందుగాలనే?"

"గడియారం తలకిందులు పట్టుకొని చూస్తివి. జేబుల పెన్నుకు రీఫిల్ లేకపాయె, గది అంతకుముందే చూసిన. ఇంకేం ఎర్కగావాలె?"

"మీ అమ్మ పట్టుకుంటె?"

ఆమె అప్పుడు తలెత్తి, చింతపండు చేతి వెనకవైపుతో ముక్కు తుడుచుకుంది. "ఎట్ల పట్టుకుంటది? ఆ ఇంట్ల ఇంగ్లీషు అక్షరం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నేను ఏది చదివితె గదే రాసున్నట్టు" అంది. చేతిలోని గింజను పక్కన పడేసి, "తీగ పట్టుకున్నప్పుడు కూడ నువ్వు గంత భయపడలేదట, మా అన్న చెప్పిండు. అమ్మ చదువుమన్నంక నీ మొఖం చూడబుద్ధి కాలే. ఇగ ఏం జేయాలె?" అని మళ్లీ గింజలు తీయడంలో పడింది. నేను ఆమెను మోసం చేశానని ముప్పై ఏళ్లకు పైగా కుమిలిపోతుంటే, ఆమె ఊరందరినీ మోసం చేసి నింపాదిగా వంట చేసుకుంటోంది. ఇంతకాలం ఎందుకు చెప్పలేదని అడిగాను. "నువ్వే చదువుకుంటవని చూసిన. జర లేటయింది" అంది.

మనవరాలి గడియారం నిన్న వచ్చింది. డబ్బా విప్పగానే నేనే తీసుకుని, తిప్పి, కళ్లద్దాలు పెట్టుకుని (ఇప్పుడు నిజంగానే ఉన్నాయి) వెనకాల రాత మొత్తం చదివాను. షాక్ రెసిస్టెంట్ అని నిజంగానే ఉంది. "అయినా ఏ తీగా ముట్టకు" అన్నాను. అది, "తాతా, కీసర గుట్టల మీద తీగలెక్కడియి?" అని వెళ్లిపోయింది. మేము షికారు చేసిన గుట్ట ఇప్పుడు లేదు. జొన్న చేను ఉన్నచోట అపార్టుమెంట్లు లేచాయి, గేటు దగ్గర కూర్చున్న మనిషి నన్ను ఎవరింటికని అడుగుతాడు. అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్లవాడు నాకు కనిపిస్తాడు. జేబులో ఇంకు లేని పెన్ను, చేతికి బరువైన గడియారం, రోజు మొత్తంలో మూడే టైములు తెలిసి, దేనికీ భయపడకుండా నిలబడి ఉంటాడు. వాడు ఇప్పుడు వచ్చి, ఆ గడియారం నా చేతిలో పెట్టి, వెనకాల ఏం రాసుందో చదివి చెప్పమంటే, నాకిప్పుడు చదువు వచ్చు గదా, ఒక్కో మాట మీద వేలు పెట్టి, గట్టిగా, ఆమె చదివినట్టే చదువుతాను.